మాట రాని నాన్నకు ఏ పాటలు వినిపించాలి? మీకు ఇష్టమైన పాట, ఎందుకిష్టమో చెప్పండి

మర్రిపాలెం_అమ్మాయి
శుక్రవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నకు 74 ఏళ్ళు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు కొద్దికొద్దిగా స్వాధీనంలోకి వస్తున్నాయి. మాట మాత్రం రావడం లేదు. మేము చెప్పింది అర్థమవుతుంది. ఆయన చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. 'అది... అది...' అంటారు, అంతే. తర్వాత కోపం వస్తుంది, ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు.

మొన్న ఆదివారం పొద్దున్న పక్కింటివాళ్ళ టీవీలో ఏదో పాత పాట వచ్చింది. నాన్న మంచం మీద పడుకునే ఆ పాటలో రెండు మాటలు పాడారు. స్పష్టంగా పాడారు! నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆగిపోయారు. ఏం పాటో నేను పట్టుకోలేకపోయాను, అమ్మకూ గుర్తు లేదు. పక్కింటివాళ్ళను అడిగితే ఛానెళ్ళు మారుస్తూ ఉన్నాం, తెలీదు అన్నారు.

నాన్నది గజపతినగరం దగ్గర పల్లెటూరు. 1970లో వైజాగ్ వచ్చి షిప్‌యార్డులో వెల్డరుగా చేరారు, రిటైరయ్యేదాకా అక్కడే. ఇంట్లో పెద్దగా పాడిన మనిషి కాదు. ఆయనకు ఏ పాట ఇష్టమో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగితే చెప్పలేరు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. పాట పేరు ఒక్కటే రాసి వదిలేయకండి. అది మీలో ఎందుకు ఉండిపోయిందో కూడా రాయండి. అది తెలిస్తే నాన్నలో ఏది ఉండిపోయిందో వెతకడం తేలికవుతుందని ఆశ.


పాతరేడియో
శుక్రవారం, రాత్రి 11:45

అమ్మా, మీ నాన్నగారికంటే నేను రెండేళ్ళు చిన్న. కాబట్టి ఆయన చెవిన ఏం పడి ఉంటుందో కొంత ఊహించగలను. మా రోజుల్లో పాట అంటే రేడియోనే. మన సిరిపురం ఆకాశవాణి ఒకటి, గరగరమంటూ వచ్చే రేడియో సిలోన్ ఒకటి. సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు విన్నవాళ్ళెవరూ ఆమెను మర్చిపోరు.

నా పాట 'నీవు లేక వీణ'. 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' సినిమాలోది. ఆత్రేయ రాశారు, సాలూరి రాజేశ్వరరావు బాణీ కట్టారు, సుశీల పాడారు. రాజేశ్వరరావు గారిది సాలూరు దగ్గర శివరామపురం, సుశీల గారిది విజయనగరం. ఇద్దరూ మన పక్క ఊళ్ళవాళ్ళే అన్నది నాకెప్పుడూ గర్వమే.

అసలు సంగతి అది కాదు. మా పెద్దక్క పెళ్ళికి ముందు వీణ నేర్చుకునేది. పెళ్ళయ్యాక అత్తవారింట్లో పదిమందికి వండి వడ్డించడంతోనే సరిపోయేది. వీణ మా ఇంట్లో అటక మీద పాత దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. ఒక సంక్రాంతికి అక్క పుట్టింటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. రేడియోలో ఈ పాట మొదలైంది. చేట ఆగిపోయింది. పాట అయ్యేదాకా చేట ఒళ్ళో అలాగే ఉంది, కుడిచేతి వేళ్ళు మాత్రం చేట అంచు మీద కదులుతున్నాయి, తీగ మీటుతున్నట్టు. పాట అయిపోయింది. అక్క మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. మా అమ్మ చూసింది, నేను చూశాను. ఎవరూ ఏమీ అనలేదు.

అది ఎంత గొప్ప పాటో పెద్దవాళ్ళు తర్వాత చాలామంది చెప్పారు. నాకు మాత్రం అది మా అక్క వేళ్ళ పాట.

మీ నాన్నగారికి ఘంటసాల పాటలు పెట్టి చూడండి. ఆయన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నారు. ఆ రోజుల్లో జోలె పట్టి మధుకరం ఎత్తి కడుపు నింపుకున్న మనిషి. గజపతినగరం చుట్టుపక్కల పెద్దవాళ్ళు ఆయన్ని సొంత మనిషిలా తలుచుకుంటారు.


బీచ్‌రోడ్డు_నడక
శనివారం, ఉదయం 6:50

నడక నుంచి ఇప్పుడే వచ్చాను, కాఫీ కూడా తాగకుండా రాస్తున్నాను.

నాది 'ఏ తీగ పువ్వునో'. 1978 నాటి 'మరో చరిత్ర'. సినిమా మన వైజాగ్‌లో, భీమిలిలో తీశారు కాబట్టి ఇక్కడివాళ్ళందరికీ అది సొంత సినిమానే. నాకు ఇంకో కారణం ఉంది. మావారు మలయాళీ, నేవీలో పనిచేసేవారు. పరిచయమైనప్పుడు ఆయనకు తెలుగు రాదు, నాకు మలయాళం రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ పాటలో సుశీల గారు పాడుతుంటే మధ్యలో కమల్‌హాసన్ తమిళంలో అడుగుతాడు కదా, అంటే ఏమిటి అని. అచ్చం మా కథే. నేను ఒక చరణం పాడితే ఆయన 'ఎందా?' అనేవారు. నేను చేతులతో, కళ్ళతో చెప్పేదాన్ని.

ఇప్పుడు ఆయన నాకంటే మంచి తెలుగు మాట్లాడతారు. కూరగాయల బేరం ఆయనే చేస్తారు. అయినా ఈ పాట వస్తే ఏ గదిలో ఉన్నా 'ఎందా?' అంటారు.

ఆ సినిమా చివర మాత్రం నేను చూడను. ఒక్కసారి చూశాను, చాలు.

మీ అమ్మగారిని అడగండమ్మా. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఏ సినిమాలకు వెళ్ళారో. జగదాంబలోనో, లీలామహల్‌లోనో ఏదో ఒకటి చూసే ఉంటారు.


మాటసాయం
శనివారం, మధ్యాహ్నం 2:15

నేను స్పీచ్ థెరపిస్టును. మీరు రాసినదాన్ని బట్టి కొన్ని విషయాలు చెబుతాను. కానీ నాన్నగారిని చూస్తున్న డాక్టరును, థెరపిస్టును అడగకుండా ఏదీ మార్చకండి.

మాటకు సంబంధించిన కేంద్రాలు చాలామందికి మెదడు ఎడమవైపు ఉంటాయి. అక్కడ రక్తం అందకపోతే కుడి చెయ్యి, కాలుతో పాటు మాట కూడా పోతుంది. అర్థం చేసుకోవడం చాలావరకు మిగిలి, చెప్పడం మాత్రం ఆగిపోయే రకాన్ని బ్రోకా అఫేజియా అంటాం. పాట సంగతి వేరు. రాగం, లయ పట్టుకోవడంలో మెదడు కుడివైపుకి పెద్ద పాత్ర ఉంది. పైగా వందసార్లు పాడుకున్న పాటలో ఒక మాట వెనుక ఇంకో మాట దానంతట అదే వస్తుంది, వెతుక్కోనక్కరలేదు. అందుకే 'నీళ్ళు' అని అడగలేనివాళ్ళు పల్లవి మొత్తం పాడేస్తుంటారు. మీరు విన్నది భ్రమ కాదు.

దీని ఆధారంగా 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక పద్ధతి తయారుచేశారు. ఎడమచేత్తో తాళం వేయిస్తూ, చిన్న చిన్న మాటలను రెండే స్వరాల్లో, కొంచెం ఎత్తి కొంచెం దించి పలికిస్తాం. అందరికీ ఒకేలా పనిచేయదు. పాట పాడినంత మాత్రాన మాట వచ్చేసినట్టూ కాదు. ముందే చెబుతున్నాను, ఎక్కువ ఆశపెట్టుకుని తర్వాత కుంగిపోయిన ఇళ్ళను చూశాను.

ఏ పాటలు అంటే, పదేళ్ళ వయసు నుంచి పాతికేళ్ళ దాకా విన్నవి మనిషిలో గట్టిగా నిలుస్తాయి. మీ నాన్నగారికి అది సుమారు 1960 నుంచి 1975. చాలా నెమ్మదైనవి పెట్టండి. ఒకసారికి ఒకటే. టీవీ కట్టేసి పెట్టండి.


గాజువాక_బుల్లోడు
శనివారం, రాత్రి 9:30

అక్కా, మీ నాన్నగారు షిప్‌యార్డు అన్నారు కాబట్టి ఇది రాయాల్సిందే.

మా పెదనాన్న కూడా షిప్‌యార్డే. మేము సింధియాలో ఉండేవాళ్ళం. వంగపండు ప్రసాదరావు గారు ఒకప్పుడు అదే షిప్‌యార్డులో ఫిట్టరు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయనది. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' 1986లో 'అర్ధరాత్రి స్వాతంత్ర్యం' సినిమాకు ఎక్కింది గానీ, అంతకుముందు నుంచే జనం నోట్లో ఉంది. 2009లో 'మగధీర'లో ఆ పల్లవి వినపడితే మా పిల్లలు కొత్త పాట అనుకున్నారు. 2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు మా పెదనాన్న రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

నాకెందుకు ఇష్టమంటే, మామూలు సినిమా పాటల్లో ఉన్న తెలుగు మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. 'ఎల్దమొస్తవా' అని మా అమ్మ అంటుంది. 'ఏటి', 'ఎలగ', 'నానొస్తాను' అంటుంది. బడిలో నేను అలా మాట్లాడితే మాస్టారు లేపి నిలబెట్టి సరిచేసేవారు, క్లాసంతా నవ్వేది. కొన్నాళ్ళు అమ్మను బడికి రావద్దన్నాను కూడా. ఆ పాట మైకులో విన్నరోజు, వేలమంది చప్పట్లు కొడుతుంటే, అమ్మ మాట తప్పు కాదని అర్థమైంది. అమ్మ మాటకు తాళం కూడా ఉందని అర్థమైంది.

మీ నాన్నగారిదీ మా వైపు యాసే కదా. ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగులో ఉన్న పాటలు పెడితే నోరు ఎలా తిరుగుతుంది? ఇది పెట్టి చూడండి.


మర్రిపాలెం_అమ్మాయి
బుధవారం, రాత్రి 9:05

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. రోజుకో పాట పెడుతున్నాం.

ఘంటసాల పాటలు శ్రద్ధగా విన్నారు, పాడలేదు. 'తెలుగు వీర లేవరా' పెడితే లేచి కూర్చోబెట్టమని సైగ చేశారు. ఆ పాట ఉన్న 'అల్లూరి సీతారామరాజు' సినిమా వచ్చేనాటికి, 1974లో, నాన్నకు 24 ఏళ్ళు. ఆ పాట రాసిన శ్రీశ్రీ గారు మన వైజాగ్‌లో పుట్టిన మనిషి అని నాన్న ఒకసారి నాకు చెప్పిన గుర్తు. ఆ పాట వింటున్నంతసేపూ నిటారుగా కూర్చున్నారు.

గాజువాక తమ్ముడూ, నువ్వు చెప్పిన పాటకు ఎడమచెయ్యి కదిలింది! మంచం పట్టె మీద తాళం వేశారు, పాట ఆగాక కూడా కాసేపు వేశారు. నోరు కదిలింది, మాట రాలేదు.

ఒక ఇబ్బంది కూడా జరిగింది. మా పెద్దమ్మ కొడుకు చూడటానికి వచ్చి, మంచి మనసుతోనే, ఫోన్‌లో ఘంటసాల గారి భగవద్గీత పెట్టాడు. అమ్మ ఒక్కసారిగా 'ఆపరా' అని అరిచింది. మన వీధుల్లో అది ఎప్పుడు మోగుతుందో అందరికీ తెలుసు కదా. నాన్న మాత్రం ఉండనివ్వమన్నట్టు చెయ్యి ఊపారు. అమ్మ ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు.


పాతరేడియో
బుధవారం, రాత్రి 10:30

అమ్మగారిని తప్పుపట్టను. కానీ ఆ రికార్డును చావు ఇంటికి అంటగట్టేశామని నాకు చాలా బాధ. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. భగవద్గీత ఆయన పోయాకే జనానికి చేరింది. అంత ఓపిక తగ్గిన ఒంటితో అంత శాంతంగా ఎలా పాడారో! నేను రోజూ తెల్లవారుజామున వింటాను. మీ నాన్నగారు చెయ్యి ఊపారంటే వినాలనే ఉంది. అమ్మగారు గుడికి వెళ్ళినప్పుడు పెట్టండి.


బీచ్‌రోడ్డు_నడక
గురువారం, ఉదయం 7:10

మాస్టారూ, ఆవిడకు తెలియకుండా వద్దు. ఆవిడ భయం కూడా ఆ ఇంట్లో ఉన్నదే కదా. కూర్చోబెట్టి చెప్పి, ఆవిడ సరేనన్నాక పెట్టమనండి.


ఏయూ_హాస్టల్
గురువారం, సాయంత్రం 5:40

అందరూ పెద్దవాళ్ళు, పాత పాటలు. నాకు 26. నా పాట నేను పుట్టకముందుదే అయినా నాకది పాతది కాదు.

'ఎప్పుడూ ఒప్పుకోవద్దురా ఓటమి'. 'పట్టుదల', 1992. సిరివెన్నెల సాహిత్యం, ఇళయరాజా సంగీతం, ఏసుదాస్ గొంతు. కోచింగ్ సెంటర్లలో గోడల మీద రాసి ఉంటుంది, అందుకే మొదట్లో నాకు నచ్చేది కాదు. మాది అనకాపల్లి. సినిమాల్లోకి వెళ్ళకముందు సిరివెన్నెల గారు ఉన్న ఊరు. నాన్న బెల్లం మార్కెట్‌లో కలాసీ.

పోటీ పరీక్ష రెండోసారి పోయినరోజు నాన్నకు ఫోన్ చేశాను. 'సరేలే, అన్నం తిను' అన్నారు, అంతే. పావుగంట తర్వాత వాట్సాప్‌లో ఈ పాట లింకు వచ్చింది. ఆయనకు లింకు పంపడం రాదు. మెసేజ్ టైపు చేయడమే రాదు. తర్వాత తెలిసింది, పక్క కొట్టు కుర్రాడి దగ్గరికి వెళ్ళి, పాట పాడి వినిపించి, 'ఇది మావోడికి పంపు' అన్నారట.

మా నాన్న పాడతారని నాకు తెలీదు. ఎలా పాడారో ఆ కుర్రాడిని అడగాలనిపించింది, అడగలేదు.

అక్కా, మీరు మొదట రాసిన మాట, 'నేనెప్పుడూ అడగలేదు' అన్నది, చదివాక ఈ శనివారం ఇంటికి వెళ్తున్నాను.


పెదజాలరిపేట
గురువారం, రాత్రి 11:15

మాది పాట అనొచ్చో లేదో తెలీదు. సినిమాలో లేదు, రేడియోలో రాలేదు.

ఒడ్డు మీద నిలబడి అలివి వల లాగేటప్పుడు ఒకరు ముందు అంటారు, మిగతావాళ్ళు 'హైలెస్సా' అని అందుకుంటారు. తాడుకు రెండు పక్కలా జనం. ఆ కేక దగ్గరే అందరి కాలూ ఒకేసారి ఇసుకలో దిగాలి, లేకపోతే వల రాదు. మాటలు రోజుకో రకం. ఎవడు ఆలస్యంగా వచ్చాడు, ఎవరింట్లో పెళ్ళి, ఏ చేప ధర పడిపోయింది, అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

మా తాతకు నత్తి. మామూలుగా మాట్లాడితే పిల్లలం కూడా నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వల దగ్గర మాత్రం ముందు అనేది ఆయనే. ఒక్క అక్షరం తడబడేది కాదు. ఎంత పొడుగు మాటైనా అప్పటికప్పుడు కట్టి అనేవాడు. వల ఒడ్డుకు చేరి, తాడు కింద పెట్టగానే నత్తి మళ్ళీ వచ్చేసేది.

ఇప్పుడు ఇంజిన్ బోట్లు, హార్బర్. ఒడ్డు మీద వల లాగేవాళ్ళు తగ్గిపోయారు. మా తాత అన్న మాటలు ఎవరి దగ్గరా రికార్డు లేవు. నాకు గుర్తున్నవి ఒక పది ఉంటాయి.


మాటసాయం
శుక్రవారం, ఉదయం 8:00

పాటే. సందేహం వద్దు. నత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి పాడేటప్పుడు, పదిమందితో కలిసి అనేటప్పుడు నత్తి రాదు. మీ తాతగారి విషయం చదివి చాలాసేపు పని చేసుకోలేకపోయాను. ఆ పది మాటలూ దయచేసి ఈ రోజే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి.


ఎంవీపీ_కాలనీ
శుక్రవారం, మధ్యాహ్నం 1:20

నాది చిన్నదే. హుద్‌హుద్ తుఫాను, 2014 అక్టోబరు 12. అద్దాలు పగులుతుంటే అపార్ట్‌మెంట్ మొత్తం మెట్ల మీదకు చేరాం. గాలి మోత ఎంతంటే పక్కనున్నవాళ్ళ మాట వినపడదు. మూడో అంతస్తు మామ్మగారు 'జో అచ్యుతానంద' మొదలుపెట్టారు, ఒళ్ళో ఉన్న మనవడి కోసం. ఒక్కొక్కరమే కలిశాం. గాలి తగ్గేదాకా అదొక్కటే పాడాం. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోజూ చీకటి పడగానే పిల్లలు మెట్ల మీదకు వెళ్దామనేవాళ్ళు.


మర్రిపాలెం_అమ్మాయి
ఆదివారం, రాత్రి 11:50

ఇల్లంతా నిద్రపోయింది. నాకు నిద్ర రావడం లేదు, రాసేస్తాను.

హైదరాబాద్ నుంచి తమ్ముడు వచ్చాడు, మూడేళ్ళ కూతురితో. సాయంత్రం డాబా మీద నాన్నను కుర్చీలో కూర్చోబెట్టాం. మరదలు పిల్లకు పెరుగన్నం పెడుతోంది. అది తినదు, పరుగులు. 'చందమామ రావే, జాబిల్లి రావే' అని పిల్లే పాడుకుంటూ తిరుగుతోంది. దానికి అంతవరకే వచ్చు. అంతవరకే పాడి మళ్ళీ మొదటికి వస్తోంది.

మూడోసారో నాలుగోసారో నాన్న అందుకున్నారు. 'కొండెక్కి రావే, గోగుపూలు తేవే.'

మేమందరం బిగుసుకుపోయాం. పిల్లకు ఏం తెలుసు, 'తాతా, మళ్ళీ' అంది. మళ్ళీ పాడారు. ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద తాళం వేస్తోంది. ఈసారి 'బండెక్కి రావే, బంతిపూలు తేవే' దాకా వెళ్ళారు. పిల్ల వచ్చి ఆయన మోకాళ్ళ మీద చెయ్యి వేసి నోరు తెరిచింది, ముద్ద కోసం. మరదలు గిన్నె నాన్న ఒళ్ళో పెట్టింది. ఎడమచేత్తో పెట్టారు. సగం ఒలికింది.

నేను అమ్మతో అన్నాను, నానమ్మ పాడేదేమో, చిన్నప్పటిది కాబట్టి గుర్తుండిపోయింది అని. అమ్మ నా మొహంలోకి చూసి, 'నీకు పెట్టింది ఆయనే కదే' అంది. నాకు రెండేళ్ళప్పుడు అమ్మకు టైఫాయిడ్ వచ్చి రెండు నెలలు మంచం మీద ఉందట. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, నన్ను క్వార్టర్స్ డాబా మీదకు తీసుకెళ్ళి అన్నం పెట్టేవారట. నాకేమీ గుర్తు లేదు.

ఇన్ని రోజులూ సినిమా పాటల్లో వెతికాను.


మాటసాయం
సోమవారం, ఉదయం 7:30

చాలా సంతోషంగా ఉంది. ఇప్పుడు తొందరపడకండి. రోజూ పాడమని ఒత్తిడి పెట్టొద్దు, వీడియో తీస్తూ ముందు నిలబడొద్దు, చుట్టాల ముందు పాడించొద్దు. పాప ఉన్నన్నాళ్ళు ఆటలా సాగనివ్వండి. మీ థెరపిస్టుకు ఈ విషయం తప్పకుండా చెప్పండి. 'చందమామ రావే' అన్న ఎత్తుగడలోనే 'అన్నం పెట్టు', 'నీళ్ళు ఇవ్వు' లాంటివి కట్టి, ఎడమచేతి తాళంతో పలికించి చూడొచ్చు. కొన్ని వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు.


పాతరేడియో
సోమవారం, ఉదయం 9:15

అమ్మా, నేను పెద్ద పెద్ద పేర్లు చెప్పాను. మీ ఇంటి డాబా సంగతి నాకేం తెలుసు. మా అక్కకు ఈ రోజు ఫోన్ చేస్తున్నాను. ఆవిడకు 81. వీణ ఇంకా మా అటక మీదే ఉంది.


గాజువాక_బుల్లోడు
సోమవారం, రాత్రి 8:40

అక్కా, ఒక్క మాట. మీరు రాసినవన్నీ మా పెదనాన్నకు చదివి వినిపించాను. గజపతినగరం వైపు నుంచి వచ్చిన వెల్డరు, మర్రిపాలెంలో ఇల్లు కట్టుకున్నాడు అంటే, హల్ షాపులో పనిచేశాడా అని అడుగుతున్నారు. పొడుగ్గా ఉంటారా, ఎడమ కనుబొమ మీద కాలిన మచ్చ ఉంటుందా అంటున్నారు. ఆయనే అయితే మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇద్దరూ కలిసే పాడేవారట. మీ నాన్నగారు పాట ఎత్తుకుంటే ఈయన క్యారియర్ మూత మీద దరువు వేసేవారట.


మర్రిపాలెం_అమ్మాయి
సోమవారం, రాత్రి 8:52

మచ్చ ఉంది తమ్ముడూ. హల్ షాపే.

పెదనాన్నగారిని ఆదివారం తీసుకురా. మధ్యాహ్నం మూడు దాటాక నాన్న లేచి ఉంటారు. క్యారియర్ మా ఇంట్లో ఉంది, అమ్మ ఇప్పుడే వెతికి తీసింది.